లక్షో కారు

డైసన్ పేరు చెబితే మనకు గుర్తొచ్చేవి ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనరు, జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు. ఆ కంపెనీ ఒక కారు కూడా చేసిందంటే చాలామంది నమ్మరు. చేసింది. దాని పేరు ఎన్526. అయిదు మీటర్ల పొడవు, ఏడు సీట్లు, అల్యూమినియం బాడీ, 2.6 టన్నుల బరువు. ఒకసారి చార్జి చేస్తే 600 మైళ్లు, అంటే 960 కిలోమీటర్ల పైచిలుకు నడవాలన్నది లక్ష్యం. 2017 సెప్టెంబరులో జేమ్స్ డైసన్ తన ఉద్యోగులకు ఈ సంగతి ప్రకటించాడు. ఇంగ్లండులోని విల్ట్‌షైర్ ప్రాంతంలో హలవింగ్టన్ అనే పాత వైమానిక స్థావరాన్ని బాగుచేయించి, అయిదువందల మందికి పైగా పనిలో పెట్టాడు. ఫ్యాక్టరీ సింగపూర్‌లో కడతామని 2018లో చెప్పారు. బండి తయారైంది, ఆయనే ఎక్కి నడిపాడు కూడా. 2019 అక్టోబరులో మొత్తం ఆపేశాడు. అప్పటికి ఆయన సొంత డబ్బు 50 కోట్ల పౌండ్లు దానికింద ఖర్చయింది.

బండి నడవక ఆపలేదు, లెక్క కుదరక ఆపాడు. పెట్టిన డబ్బు వెనక్కి రావాలంటే ఒక్కో కారూ లక్షా యాభై వేల పౌండ్లకు అమ్మాలని తేలింది. అప్పటి మారకంలో కోటీ నలభై లక్షల రూపాయలకు దగ్గర. పాతకాపు కంపెనీలు పెట్రోలు, డీజిలు బళ్లమీద వచ్చే లాభంతో కరెంటు కార్ల నష్టం పూడ్చుకుంటున్నాయి, తనకు ఆ వెసులుబాటు లేదు అన్నాడాయన. నిజమే. కానీ ఆ మాటలో సగం సంగతే ఉంది. ఒక కంపెనీకి బాగా నడిచే కారు చేతికొచ్చాక కూడా వేల కోట్లు ఎందుకు కావాలి? ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? టెక్నాలజీ కంపెనీలు కార్ల వ్యాపారంలో దిగి చేతులు కాల్చుకున్న కథలన్నిటి వెనకా ఉన్నది ఈ ప్రశ్నే. మొదటి కారు చెయ్యడం ఒక విద్య. లక్షో కారు మొదటిదానిలాగే ఉండేటట్టు చెయ్యడం పూర్తిగా ఇంకో విద్య.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డు దగ్గర కాసేపు నిలబడితే ఈ తేడా అర్థమవుతుంది. ఛాసిస్ కంపెనీ నుంచి వస్తుంది. క్యాబిన్, తొట్టి, తలుపులు మేస్త్రీలు కడతారు. తలుపు బిగించబోతే పైన కొంచెం పట్టేసిందనుకోండి, మేస్త్రీ సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తాడు, గ్రైండరు పెట్టి అంచు తీస్తాడు, మడతబందు కిందకి ఒక రేకుముక్క దోపుతాడు. తలుపు చక్కగా పడుతుంది. అది ఆ లారీ తలుపు, పక్క లారీకి పట్టదు. పట్టాల్సిన అవసరమూ లేదు. ప్రపంచంలో ఏ పెద్ద కంపెనీ ప్రోటోటైపు కారైనా ఇంచుమించు ఈ పద్ధతిలోనే తయారవుతుంది. షోలో తెరతీసి చూపించే మెరుపు బండి చేతిపనే. ఎక్కడ పట్టకపోతే అక్కడ అరగదీసి, సరిచేసి నిలబెడతారు.

ఫ్యాక్టరీలో సుత్తికి చోటు లేదు. అక్కడ ఏ తలుపైనా ఏ బాడీకైనా పట్టాలి. మన పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ మొదట పెట్టుకున్న సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటే రోజుకు వెయ్యి. రెండు షిఫ్టుల్లో 960 నిమిషాలు. అంటే నిమిషం లోపు ఒక కారు లైను దిగాలి. తలుపు పట్టలేదని ఆగి చూసుకునే తీరిక ఎవరికి ఉంటుంది?

ఈ వేగం ఎన్ని చోట్ల ఇబ్బంది పెడుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. మొదట రేకు. మిల్లీమీటరు కన్నా పలచని ఉక్కు రేకును వందల టన్నుల ఒత్తిడితో అచ్చులో నొక్కి తలుపు, బానెట్టు, డిక్కీ మూత తీస్తారు. లోహానికి ఒక మొండితనం ఉంది: వంచి వదిలేస్తే కొద్దిగా వెనక్కి లేస్తుంది. ఎంత లేస్తుందో లెక్కగట్టి, అచ్చును అంత ఎక్కువ వంపుతో చెక్కుతారు. ఉక్కుతో పోలిస్తే అల్యూమినియం బిగువు మూడోవంతే కాబట్టి అది ఇంకా ఎక్కువ లేస్తుంది. పోనీ అచ్చు సరిగ్గా కుదిరిందనుకున్నా, మిల్లు నుంచి వచ్చే ప్రతి చుట్టలో లోహం గుణం అణుమాత్రం మారుతుంది. పొద్దున చల్లగా ఉన్న అచ్చు మధ్యాహ్నానికి వేడెక్కుతుంది. కాబట్టి ఏ రెండు తలుపులూ అచ్చంగా ఒకటి కావు. కొలత ఇంత, అటూ ఇటూ ఇంతవరకు తేడా ఒప్పుకుంటాం అని రాసుకుంటారు. దాన్నే టాలరెన్స్ అంటారు.

ఈ తేడాలు ఊరికే ఉండవు, ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. తొమ్మిది ముక్కలు వరసగా అతికిస్తే ఒక డోర్‌ఫ్రేము అవుతుందనుకుందాం. ప్రతి ముక్కలో 0.3 మిల్లీమీటర్ల తేడా రావచ్చు. అన్నీ ఒకే వైపుకు తప్పితే చివర 2.7 మిల్లీమీటర్లు పోతుంది. అన్నీ ఒకే వైపు తప్పడం అరుదు, ఒకటి అటైతే ఇంకోటి ఇటు పోతుంది. అందుకని గణాంకశాస్త్రం తేడాల వర్గాలు కలిపి వర్గమూలం తీయమంటుంది. తొమ్మిదికి వర్గమూలం మూడు, కాబట్టి సాధారణంగా తేడా 0.9 మిల్లీమీటరు దగ్గర ఆగుతుంది. తలుపుకూ బాడీకీ మధ్య సందు నాలుగు మిల్లీమీటర్లుంటే, అందులో ఒక మిల్లీమీటరు ఎక్కువతక్కువను షోరూములో నిలబడ్డ మామూలు మనిషి కన్ను కూడా పట్టేస్తుంది. ఈ లెక్క ఒక షరతుమీద నడుస్తుంది: తేడాలు యాదృచ్ఛికంగా ఉండాలి. ఎవరో ఒక సప్లయరు అచ్చు అరిగిపోయి ముక్కలన్నీ ఒకే వైపు తప్పడం మొదలైతే, వర్గమూలం రక్షించదు.

తరవాత వెల్డింగు. ఒక కారు బాడీలో నాలుగైదు వేల చోట్ల చుక్కలుగా అతుకులు పడతాయి. రెండు రాగి మొనల మధ్య రేకులు నొక్కిపట్టి, వేల ఆంపియర్ల కరెంటును సెకనులో చిన్న వంతు సేపు పంపితే రెండు రేకులూ ఆ చుక్క దగ్గర కరిగి ఒకటవుతాయి. రోబో చెయ్యి అద్భుతంగా తిరుగుతుంది, దాన్ని వీడియో తీసి పెడితే లక్షలమంది చూస్తారు. రాగి మొనను ఎవరూ చూడరు. వందల చుక్కలు పెట్టేసరికి ఆ మొన పుట్టగొడుగు తలలాగ చదునవుతుంది, కరెంటు ఎక్కువ మేర పరుచుకుంటుంది, వేడి చాలదు, అతుకు పైకి బాగానే కనిపించి లోపల పచ్చిగా ఉంటుంది. అందుకే ఇన్ని చుక్కలకొకసారి మొనను చెక్కాలి, ఇన్నిసార్లు చెక్కాక మార్చాలి అని లెక్క ఉంటుంది. ఆ లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ పూర్తిగా దొరకదు. ఏ ఫ్యాక్టరీకి ఆ ఫ్యాక్టరీ, ఏ రేకుకు ఆ రేకు, ఏళ్లమీద రాసుకున్న రిజిస్టర్లలో ఉంటుంది. కొత్తగా వచ్చిన కంపెనీ దగ్గర డబ్బుంటుంది, ఆ రిజిస్టరు ఉండదు.

రంగు సంగతికొస్తే, బాడీ మొత్తాన్ని ద్రవంలో ముంచి కరెంటు పెడతారు. పెయింటు రేణువులు లోహంవైపు పరిగెత్తి, మనిషి చెయ్యి దూరని బోలు సందుల్లో కూడా అతుక్కుంటాయి. తుప్పు పట్టకుండా కాపాడేది ఆ పొరే. పైరంగు వేసే ముందు బాడీమీద దుమ్ము తుడవడానికి చాలా ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ ఉష్ట్రపక్షి ఈకలు గుచ్చిన రోలర్లు వాడతారు. ఇంత ఆధునిక పరిశ్రమలో పక్షి ఈకలేమిటని నవ్వొస్తుంది గాని, ఆ పనికి అంతకన్నా బాగా దుమ్మును పట్టి, గీత పడకుండా తుడిచే వస్తువు దొరకడం కష్టం.

ఇక సంభావ్యత. చిన్న బోల్టుతో సహా లెక్కేస్తే ఒక కారులో 30 వేల విడిభాగాలుంటాయని టొయోటా చెబుతుంది. కరెంటు కారులో కొన్ని తగ్గుతాయి, అది వేరే సంగతి. ఒక్కో భాగం చెడ్డది వచ్చే అవకాశం పది లక్షల్లో ఒకటే అనుకుందాం. వినడానికి అద్భుతమైన నాణ్యత. 30 వేల భాగాలకు గుణిస్తే, నూటికి మూడు కార్లలో ఏదో ఒక భాగం చెడ్డదే. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే ఫ్యాక్టరీలో 9 వేల బళ్లు. పది లక్షల్లో ఒక తప్పు కూడా ఎక్కువే అయ్యే పరిశ్రమ ఇది. ఈ 30 వేల భాగాల్లో ఎక్కువ పాళ్లు ఆ కంపెనీ చేసేవి కావు, బయట సప్లయర్ల నుంచి వస్తాయి. కియా పెనుకొండకు వచ్చినప్పుడు ఒంటరిగా రాలేదు. కొరియాలో దానితో ఏళ్ల తరబడి పనిచేసిన విడిభాగాల కంపెనీలు వెంట వచ్చి చుట్టుపక్కల షెడ్లు వేశాయి. సప్లయర్లను అలా వెంటబెట్టుకుని రాగల పలుకుబడి కొత్త కంపెనీకి ఉండదు. పదివేల కార్లు కూడా అమ్మని వాడికోసం ఎవరు అచ్చులు చెక్కిస్తారు? చెక్కించినా ముందే డబ్బు కట్టమంటారు. డైసన్ లెక్కలో ఆ లక్షా యాభై వేల పౌండ్లకు ఎక్కువ భాగం ఇక్కడినుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం.

ఈ విద్య తెలియకుండా దిగి, మునిగిపోబోయి, ఈదుకుంటూ ఒడ్డున పడ్డ కంపెనీ టెస్లా. దాని మొదటి ఫ్యాక్టరీ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంది. దానికో చరిత్ర ఉంది. మొదట అది జనరల్ మోటార్స్‌ది. 1982లో మూతపడింది. 1984లో జనరల్ మోటార్స్, టొయోటా కలిసి అదే ఆవరణలో, చాలావరకు ఆ పాత కార్మికులతోనే మళ్లీ మొదలుపెట్టాయి. తప్పు కనిపిస్తే ఏ కార్మికుడైనా తాడు లాగి లైను ఆపించవచ్చన్న టొయోటా పద్ధతిని అమెరికా అక్కడ నేర్చుకుంది. 2010లో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక టెస్లా 4.2 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. గోడలు కొనుక్కుంది, పాఠం కొనుక్కోలేదని చెప్పాలి. 2017లో మోడల్ 3 కారుకోసం, మనిషి చెయ్యి తగలకుండా యంత్రాలే అన్నీ చేసే లైను కట్టాలని ఇలాన్ మస్క్ పూనుకున్నాడు. ఏడాది చివరికి వారానికి 5 వేల కార్లు అన్నాడు. జులైలో ఉత్పత్తి మొదలైంది. సెప్టెంబరు ఆఖరుకు వచ్చిన కార్లు 260.

ఆ రోజుల్లో బ్యాటరీ లైనులో జరిగిన ఒక సంగతిని మస్క్ తరవాత ఒక ఇంటర్వ్యూలో తనే చెప్పాడు. బ్యాటరీ పెట్టె పైన ఫైబర్‌గ్లాసు చాపలు కొన్ని పరచాలి. దానికో రోబోను పెట్టారు. ఉక్కు దిమ్మను వెంట్రుకవాసి తేడా లేకుండా ఎత్తి పెట్టగల రోబో, దూదిలాంటి చాప ముక్కను మాత్రం పట్టుకోలేకపోయింది. ఒకసారి అందదు, ఒకసారి వంకరగా పడుతుంది. లైనంతా దానికోసం ఆగేది. దాన్ని బాగుచెయ్యడానికి బోలెడు శ్రమపడ్డాక, అసలు ఈ చాపలెందుకని అడిగాడట. బ్యాటరీ వాళ్లు చప్పుడు తగ్గడానికి అన్నారు. చప్పుడు చూసే వాళ్లను అడిగితే మంటలు రాకుండా అన్నారు. చాపలు పెట్టిన కారులోనూ పెట్టని కారులోనూ మైకు పెట్టి చప్పుడు రికార్డు చేసి చూస్తే తేడా తెలియలేదు. చాపలూ తీసేశారు, రోబోనూ తీసేశారు.

ఈ కథలో రోబో కన్నా ఆ రెండు జట్లే ఎక్కువ నేర్పుతాయి. మెత్తటి వస్తువును పట్టుకోవడం మనిషి వేళ్లకు తేలిక, యంత్రానికి కష్టం. గుడ్డ, వైరు, రబ్బరు గొట్టం ఎప్పుడు ఎటు వంగుతాయో ముందు చెప్పలేం. అందుకే ఇప్పటికీ ఏ కార్ల ఫ్యాక్టరీలోనైనా బాడీ షాపు రోబోలతో నిండి ఉంటుంది, వైర్లు, సీట్లు, కార్పెట్లు బిగించే చోట మనుషులుంటారు. పాత కంపెనీలకు ఈ విషయం ఎప్పుడో తెలుసు. జనరల్ మోటార్స్ 1980లలోనే రోబోలమీద విపరీతంగా ఖర్చుపెట్టి తెలుసుకుంది. మస్క్ 2018 ఏప్రిల్‌లో తెలుసుకుని, మితిమీరిన ఆటోమేషన్ తన తప్పేనని, మనుషుల విలువ తక్కువ అంచనా వేశామని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆవరణలో పెద్ద గుడారం వేసి, అందులో మనుషులతో ఇంకో లైను నడిపించి, జూన్ ఆఖరి వారంలో 5 వేల కార్లు దాటించాడు. మెచ్చుకోవలసిందే. ఆ ఏడాదికాలంలో కంపెనీ దివాలా అంచుదాకా వెళ్లివచ్చిందని కూడా ఆయనే చెప్పాడు.

లైను దిగిన కారు ఇక ఎండలో, వానలో, గతుకుల్లో బతకాలి. ఫోను మూడు నాలుగేళ్లు పనిచేస్తే చాలనుకుంటాం. కారు పదిహేనేళ్లు తిరగాలి. మామూలు ఎలక్ట్రానిక్ చిప్పు 0 నుంచి 70 డిగ్రీల మధ్య పనిచేస్తే సరిపోతుంది. కారులో వాడే చిప్పులకు చాలాచోట్ల మైనస్ 40 నుంచి 125 డిగ్రీల దాకా పరీక్ష ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో అనంతపురంలోనో అద్దాలు మూసి ఎండలో వదిలేసిన కారు డ్యాష్‌బోర్డు మీద చెయ్యిపెట్టి చూసినవాళ్లకు ఆ 70 ఎందుకు చాలదో వేరే చెప్పక్కర్లేదు.

ఫోను ఆయుష్షుకూ కారు ఆయుష్షుకూ ఉన్న తేడాకు టెస్లా మోడల్ ఎస్ ఒక చక్కని ఉదాహరణ. 2012లో వచ్చిన ఆ కారులో 17 అంగుళాల తెర చూసి లోకం ముక్కున వేలేసుకుంది. కారు లోపల ట్యాబ్లెట్! ఆ తెర వెనక బోర్డు మీద 8 గిగాబైట్ల ఫ్లాష్ మెమరీ చిప్పు ఒకటుంది. ఫ్లాష్ మెమరీలో సమాచారం రాయడమంటే, సన్నని ఆక్సైడు పొర గుండా ఎలక్ట్రాన్లను అవతలి గదిలోకి నెట్టడం. చెరపడమంటే వెనక్కి లాగడం. ఇలా నెట్టి లాగినప్పుడల్లా ఆ పొర కొంచెం దెబ్బతింటుంది. ఈ చిప్పుకు 3 వేలసార్లు అని హద్దు. ఫోనులో అయితే ఆ హద్దు చేరేలోపు ఫోనే మారుస్తాం. కారు మాత్రం తను చేసే ప్రతి పనినీ చిట్టాలు రాసుకుంటూ పోయింది. మెమరీ మొత్తం రోజుకు ఒకటిన్నర సార్లు చెరిపి రాసినట్టయినా 2 వేల రోజుల్లో, అంటే అయిదున్నరేళ్లలో ఆయుష్షు తీరిపోతుంది. అలాగే తీరింది. తెర నల్లబడేది. పాటలు పోతే పోయాయి, వెనక కెమెరా పోయింది, అద్దంమీద పట్టిన మంచు కరిగించే మీట కూడా ఆ తెరలోనే ఉంది. చివరికి 2021 ఫిబ్రవరిలో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఒత్తిడిమీద సుమారు లక్షా 35 వేల కార్లను రీకాల్ చేశారు. ఇలాంటి భాగం కారు ఆయుష్షు మొత్తం మన్నాలని ఆశించడం సబబు కాదని టెస్లా తన లేఖలో వాదించింది. కంప్యూటరు వ్యాపారంలో అది ఒప్పుకోదగ్గ వాదనే. కారు కొన్నవాడి దగ్గర చెల్లదు.

రీకాల్ అన్న మాట కూడా రెండు చోట్లా ఒకటే బరువు కాదు. 2016లో శాంసంగ్ నోట్ 7 ఫోన్ల బ్యాటరీలు అంటుకుంటే, కంపెనీ 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచింది. పెట్టెలో పెట్టి పంపించేశారు. కారును పెట్టెలో పెట్టలేం. ఒక్కో బండీ వర్క్‌షాపుకు రావాలి, మెకానిక్ విప్పాలి, విడిభాగం ఊరూరా నిల్వ ఉండాలి. అంతదాకా బండి రోడ్డుమీదో, ఇంటి కిందో ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇళ్లలో కరెంటు స్కూటర్ల బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాకే కేంద్రం బ్యాటరీల పరీక్షా ప్రమాణాలు బిగించింది. మోడల్ ఎస్ లాంటి కారు బ్యాటరీలో 7 వేలకు పైగా సెల్లులుంటాయి. పైన వేసిన పది లక్షల్లో ఒకటి లెక్క ఇక్కడ మళ్లీ వేసి చూడండి. ఒక సెల్లు పాడైతే పక్కదానికి వేడి పాకకుండా ఆపడమే ఆ ఇంజినీర్ల పనిలో సగం.

ఆపిల్ కథ టెస్లా కథకు తిరగేసిన కథ. అది కారే చూపించలేదు. 2014లో గుట్టుగా మొదలుపెట్టింది. టైటాన్ అని పేరన్నారు, వెయ్యి కోట్ల డాలర్లు దాటి ఖర్చయిందని పత్రికలు రాశాయి. 2024 ఫిబ్రవరిలో సుమారు 2 వేలమంది పనిచేస్తున్న ఆ విభాగాన్ని మూసేసింది. కంపెనీ ఎన్నడూ నోరు విప్పి కారు చేస్తున్నామనలేదు. ఈ పదేళ్లలో స్టీరింగే లేని కారు అన్నారు, తరవాత స్టీరింగు ఉంటుందన్నారు, నాయకులు మారారు. డబ్బు కొదవలేదు, తెలివికి కొదవలేదు. మరి అడ్డమేమిటి?

ఆపిల్ ఐఫోన్లను తను తయారుచెయ్యదు. ఫాక్స్‌కాన్ లాంటి వాళ్లు చేసిపెడతారు. గీసివ్వడం, సాఫ్ట్‌వేరు రాయడం, అమ్ముకోవడం ఆపిల్ పని. 2023లో వంద రూపాయల అమ్మకంలో తయారీ ఖర్చులు పోను 44 రూపాయలు మిగిలిన కంపెనీ అది. కార్ల కంపెనీలకు అన్ని ఖర్చులూ పోయాక అయిదో ఎనిమిదో మిగిలితే మంచి ఏడాది. కాబట్టి ఆపిల్‌కు కార్లలో కూడా ఒక ఫాక్స్‌కాన్ కావాలి. 2021 జనవరిలో హ్యుందాయ్ తొందరపడి, ఆపిల్‌తో మాటలు నడుస్తున్నాయని చెప్పింది. ఆ రోజు దాని షేరు దాదాపు 20 శాతం ఎగిసింది. ఆ మాటను గంటల్లో సవరించుకుంది. ఫిబ్రవరిలో హ్యుందాయ్, కియా రెండూ అలాంటి మాటలేవీ లేవని ప్రకటించాయి, షేర్లు దిగాయి. పేరు ఆపిల్‌ది, చెమట మనది అయితే రేపు మన గతేమిటన్న శంక హ్యుందాయ్‌లో ఉందని అప్పట్లో వార్తలొచ్చాయి. శంక న్యాయమైనదే. ఫోను బిగించే కంపెనీకి సొంత బ్రాండు లేదు కాబట్టి ఒప్పుకుంటుంది. కారు చెయ్యగలవాడికి సొంత పేరు ఉంటుంది, ఎందుకు ఒప్పుకుంటాడు?

ఇంకో అడ్డం సాఫ్ట్‌వేరు కంపెనీకే బలమనుకున్న చోట ఉంది. యాప్‌లో తప్పు దొర్లితే వచ్చే వారం సరిదిద్దుతారు. బ్రేకుకు సంబంధించిన కోడు అలా రాయడానికి వీల్లేదు. ఐఎస్ఓ 26262 అనే ప్రమాణం ఒకటుంది, 2011లో వచ్చింది. ఏ లోపం వల్ల ఎంత ప్రమాదం, అలాంటి పరిస్థితి ఎంత తరచుగా ఎదురవుతుంది, డ్రైవరు తట్టుకోగలడా అని చూసి, నాలుగు తరగతులుగా విడదీసి, పై తరగతి కోడులో ప్రతి వరుసా ఏ అవసరంకోసం రాశారో, ఎలా పరీక్షించారో కాగితం మీద చూపించమంటుంది. హైదరాబాదులో నానక్‌రామ్‌గూడలోని విడిభాగాల కంపెనీ జెడ్ఎఫ్ కేంద్రంలోనూ, హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రంలోనూ ఇలాంటి పనులమీద ఉన్న మనవాళ్లు చాలామందే. మామూలు ఐటీ కంపెనీ నుంచి అటు మారినవాళ్లకు మొదట విసుగు పుట్టించేది, కోడు కన్నా దాని చుట్టూ రాయాల్సిన కాగితాలు ఎక్కువ కావడం.

గూగుల్ త్వరగా తెలివి తెచ్చుకుంది. 2014లో స్టీరింగు, పెడళ్లు లేని గుండ్రటి చిన్న బండి చూపించింది. గంటకు 40 కిలోమీటర్లు దాటదు. 2017లో దాన్ని పక్కనపెట్టి, కార్లు చెయ్యడం కార్లు చేసేవాళ్లకే వదిలేస్తామంది. దాన్నుంచి పుట్టిన వేమో కంపెనీ మొదట క్రైస్లర్ వ్యాన్లు, తరవాత జాగ్వార్ కార్లు కొని, వాటిమీద తన సెన్సర్లు బిగించి, డ్రైవరు లేకుండా జనాన్ని తిప్పుతోంది. సొంతంగా కారు చెయ్యనన్న కంపెనీయే ఇవాళ ఆ రంగంలో ముందుండటం చూస్తే నాకు సరదాగా ఉంటుంది.

ఇదంతా చదివి ఫోను కంపెనీ కారు చెయ్యనే చెయ్యలేదనుకుంటే షావోమి ఒప్పుకోదు. 2021 మార్చిలో దాని అధిపతి లెయ్ జున్, పదేళ్లలో వెయ్యి కోట్ల డాలర్లు పెడతానని, ఇదే తన చివరి పెద్ద వ్యాపారమని ప్రకటించాడు. సరిగ్గా మూడేళ్లకు, 2024 మార్చి 28న ఎస్‌యూ7 కారు అమ్మకానికి పెట్టాడు. 27 నిమిషాల్లో 50 వేల ఆర్డర్లు. ఆ ఏడాదే లక్షా 36 వేల కార్లు ఇచ్చాడు. ఆపిల్ పదేళ్లలో చెయ్యలేనిది ఇతను మూడేళ్లలో ఎలా చేశాడు?

బీజింగ్‌లో ఫ్యాక్టరీ తనే కట్టాడు, ఎవరికో అప్పజెప్పలేదు. పూర్తి వేగంలో 76 సెకన్లకు ఒక కారు అని కంపెనీ లెక్క. అన్నిటికన్నా ముఖ్యం, వెల్డింగు దగ్గర చెప్పుకున్న ఆ అనుభవాల రిజిస్టరు చైనాలో మార్కెట్లో దొరుకుతుంది. ఇరవై ఏళ్లుగా విదేశీ కంపెనీల కోసం, సొంత కంపెనీల కోసం కార్లు చేసిన ఇంజినీర్లు, అచ్చులు చెక్కేవాళ్లు, సీఏటీఎల్, బీవైడీ లాంటి బ్యాటరీ కంపెనీలు, అన్నీ అక్కడే ఉన్నాయి. కొత్తగా కార్ల లైసెన్సు దొరకడం కష్టమైన దేశంలో మొదటి కార్ల పత్రాలు ప్రభుత్వ రంగంలోని బీఏఐసీ పేరుమీద దాఖలయ్యాయి. అయినా 2024లో ఆ విభాగం నష్టం 620 కోట్ల యువాన్లు. అమ్మిన బళ్లతో భాగిస్తే కారుకు 45 వేల యువాన్లు. ఫోన్ల లాభం ఆ నష్టం మోసింది. డైసన్ వాపోయిన ఆ వెసులుబాటు ఇక్కడ ఇంకో రూపంలో ఉంది.

తరవాత పరీక్ష వచ్చింది. 2025 మార్చి 29 రాత్రి అన్హుయ్ రాష్ట్రంలో ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక ఎస్‌యూ7 డ్రైవింగ్ సహాయక వ్యవస్థమీద గంటకు 116 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ముందు రోడ్డు పనులు జరుగుతూ దారి మళ్లించి ఉంది. వ్యవస్థ హెచ్చరించింది, స్టీరింగు మనిషి చేతికి వచ్చింది, కొద్ది సెకన్లలోనే 97 కిలోమీటర్ల వేగంతో బండి కాంక్రీటు అడ్డుగోడకు కొట్టుకుంది. ముగ్గురు చనిపోయారు. గంటకు 116 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 32 మీటర్లు పోతుంది బండి. పరధ్యానంగా ఉన్న మనిషి తేరుకుని పరిస్థితి అర్థం చేసుకోవడానికే ఆ కొద్ది సెకన్లలో చాలా పోతుంది. మరుసటి నెలలోనే చైనా ప్రభుత్వం, సహాయక వ్యవస్థను స్వయంచాలకమని ప్రకటనల్లో రాసే కంపెనీలను కట్టడి చేసింది. సెప్టెంబరులో లక్షా 16 వేలకు పైగా ఎస్‌యూ7లను రీకాల్ చేశారు. ఈ రీకాల్‌కు బళ్లు వర్క్‌షాపుకు రానక్కర్లేదు, సాఫ్ట్‌వేరు గాల్లోంచే మారింది. పాత కార్ల కంపెనీలు అసూయపడే సౌకర్యం అదొక్కటి ఈ కొత్తవాళ్లకుంది.

ఆ సౌకర్యానికీ ఒక షరతుంది. సాఫ్ట్‌వేరు పంపేవాడు బతికి ఉండాలి. ఫిస్కర్ అనే అమెరికా కంపెనీ సొంత ఫ్యాక్టరీ జంజాటం వద్దనుకుని, ఓషన్ అనే కారును ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మాగ్నా కంపెనీతో చేయించింది. మాగ్నా ఆ పనిలో ఆరితేరింది. తయారీ సమస్య అలా దాటినా, సాఫ్ట్‌వేరు లోపాలు, అమ్మకాలు, సర్వీసు మీదపడి 2024 జూన్‌లో ఫిస్కర్ దివాలా తీసింది. మిగిలిపోయిన సుమారు 3 వేల కార్లను న్యూయార్క్‌లో ట్యాక్సీలకు బళ్లు అద్దెకిచ్చే ఒక సంస్థ చౌకగా కొనడానికి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక తెలిసింది, కార్ల సమాచారమంతా ఫిస్కర్ సర్వర్లలో ఉందని, దాన్ని తమ సర్వర్లకు మార్చడం సాంకేతికంగా కుదరదని. దివాలా కోర్టులో దానిమీద మళ్లీ వాదన నడిచింది. అప్పటికే కారు కొనుక్కున్న వేలమంది ఒక సంఘం పెట్టుకుని, విడిభాగాలెక్కడ దొరుకుతాయో ఒకరికొకరు చెప్పుకుంటూ, ఆ సర్వర్లు నడవడానికయ్యే ఖర్చు ఎవరు భరించాలో తేల్చుకునే పనిలో పడ్డారు.